సరస్సు ఎడమ చేతికి

నోటీసులో వయసు మాట లేదు. పోస్టమ్మ దాన్ని సోమవారం ఒకసారి, మంగళవారం రెండుసార్లు చదివింది. 'సరస్సు చుట్టూ సైకిల్ యాత్రలకు గైడు కావలెను. దారి బాగా తెలిసి ఉండాలి. సొంత సైకిల్ ఉండాలి. టూరిస్టులతో మర్యాదగా మాట్లాడాలి.' అంతే. బుధవారం పొద్దున దరఖాస్తు పట్టుకుని యాత్రల కంపెనీ ఆఫీసుకి వెళ్లేసరికి, టైపు చేసిన ఆ కాగితం అడుగున పెన్నుతో రాసిన ఇంకో వాక్యం కనిపించింది: 'నలభై ఏళ్ల లోపువారు మాత్రమే.'

ఆమె చూపుడు వేలితో ఆ వాక్యాన్ని రుద్దింది. వేలికి నీలం అంటుకుంది.

లోపల రూట్ ఆఫీసరు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఆయన వెనక గోడ మీద సరస్సు మ్యాపు నిలువెత్తున వేలాడుతోంది. నీలం రంగు సరస్సు, చుట్టూ ఎర్ర గీత దారి, గీత మీద అక్కడక్కడా బాణాలు.

"ఎవరికోసం అమ్మా?" అన్నాడు దరఖాస్తు అందుకుంటూనే.

"నాకోసమే సార్."

ఆయన కాగితం చూశాడు, ఆమెని చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. "యాభై రెండు అని రాశారు."

"అవునండీ. మొన్ననే నిండాయి."

"బయట నోటీసు చదవలేదా? నలభై లోపు అని స్పష్టంగా ఉంది."

"చదివాను సార్. నిన్న సాయంత్రం దాకా లేదు. ఇంకు ఇంకా ఆరలేదు," అని వేలు చూపించింది.

ఆఫీసరు మొహం ఎర్రబడింది. ఏదో అనబోయేంతలో పక్క గది తలుపు తెరుచుకుంది. ప్రధాన కార్యాలయం నుంచి గైడు ఎంపిక కోసం వచ్చిన మేనేజరమ్మ, చేతిలో టీ కప్పుతో గుమ్మంలో నిలబడింది. పొడవాటి మనిషి, నెరిసిన జుట్టు.

"ఈ దారి మీకు తెలుసా?" అని అడిగింది.

"పందొమ్మిదేళ్లు తిరిగానండీ. ఆదివారాలు తప్ప."

"దేనికి?"

"ఉత్తరాలివ్వడానికి. పోయిన ఏడాది టపాకి వ్యాను పెట్టారు. నన్ను స్టాంపుల కౌంటర్లో కూర్చోబెట్టారు. వచ్చే నెల నుంచి ఆ కౌంటరు కూడా ఉండదు."

మేనేజరమ్మ టీ ఒక గుక్క తాగింది. "శనివారం ట్రయల్ పెట్టాం. ఇద్దరున్నారు, మీరు మూడో మనిషి. రండి."

"మేడమ్, వయసు..." అన్నాడు ఆఫీసరు.

"ఆ వాక్యం నేను రాయలేదు. మీకు ఎవరు రాయమన్నారు?"

ఆఫీసరు సొరుగులోంచి నిబంధనల కాగితం తీసి గడగడా చదివాడు. చీట్లు వేసి ఒక్కో గైడుకి నలుగురు టూరిస్టులని ఇస్తారు. ఏడింటికి బయలుదేరాలి. అరవై ఆరు కిలోమీటర్లు చుట్టి మధ్యాహ్నం మూడు లోపల ఆఫీసుకి చేరాలి. ఎవరు బాగా చేస్తే వాళ్లకి ఉద్యోగం.

"ఎటు నుంచి వెళ్లాలండీ?" అంది పోస్టమ్మ.

"మ్యాపు మీద బాణాలు కనపడట్లేదా? సరస్సు కుడి చేతికి ఉండాలి. ముందు ఇరవై కిలోమీటర్లు చదును దారి, హాయిగా ఉంటుంది."

"కాగితంలో అలా ఉందా సార్?"

మేనేజరమ్మే కాగితం తీసుకుని చదివింది. "చుట్టి రావాలి అని ఉందంతే. ఎటు చుట్టినా చుట్టినట్టే." కప్పు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

పోస్టమ్మ ఇంటికొచ్చి సంగతి చెప్పేసరికి ఆమె భర్త కుట్టు మిషను తొక్కుతున్నాడు. ఆయన దర్జీ. వీధి గదిలోనే కొట్టు. కాలు ఆపి, నోట్లో గుండుసూదులు తీసి డబ్బాలో వేసి, "ఇన్నేళ్లూ ఎవరూ పరీక్ష పెట్టకుండానే తిరిగావు. ఇప్పుడు పెడుతున్నారన్నమాట," అన్నాడు.

లోపలి నుంచి అత్తగారు వినేసింది. ఎనభై ఏళ్లకి దగ్గర పడుతున్నా ఆవిడ చెవులు మాత్రం పాతికేళ్లవే.

"నలభై లోపు కావాలన్నాడా? నలభై లోపు నీకేం తెలుసనే? కూరలో ఉప్పు వేశావో లేదో గుర్తుండేది కాదు!"

"ఆ మాట వాళ్లకి చెప్పకండి అత్తయ్యా."

"చెప్తాను. ఇప్పుడు బాగా వండుతుందని కూడా చెప్తాను," అంది ముసలావిడ.

గురువారం సాయంత్రం కంపెనీ ఆవరణలో పన్నెండుమంది టూరిస్టులు తమ సైకిళ్లతో వరసగా నిలబడ్డారు. కంపెనీ ఉచితంగా తిప్పుతానంటే ముందుకొచ్చినవాళ్లు. మేనేజరమ్మ ఆరోజు పక్క ఊళ్లో పని మీద వెళ్లింది. ఆఫీసరే చూసుకుంటున్నాడు.

మిగతా ఇద్దరు అభ్యర్థులూ వచ్చారు. ఒకడు రేసుల్లో కప్పులు గెలిచిన కుర్రవాడు, అందరూ ఛాంపియన్ అనే పిలుస్తారు. ఇంకొకాయన జిమ్ మాస్టారు. ఛాంపియన్ పోస్టమ్మని చూడగానే నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

"అత్తా, నువ్వూ ఉన్నావా? నా మొదటి కప్పు పార్సిల్ తెచ్చిచ్చింది నువ్వే."

"పిడి ఊడిపోయి వచ్చింది. నేను ఊడగొట్టలేదురా!"

ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. "ఛాంపియన్ ముందు నలుగురిని ఎంచుకుంటాడు. తర్వాత మాస్టారు. మిగిలినవాళ్లు మీకు."

"చీట్లు వేస్తామని రాశారు కదా సార్?"

"ఇప్పుడు చీట్లు రాసి, మడిచి... టైము లేదమ్మా. అంతా మనవాళ్లే, ఎవరైతే ఏంటి?"

ఎవరైతే ఏంటన్నది ఆ వరసకేసి చూస్తే తెలిసిపోతోంది. ఛాంపియన్ వరస వెంట నడిచాడు. వాడి కళ్లు మనుషుల మీద లేవు. టైర్ల మీద, గేర్ల మీద ఉన్నాయి. మెరిసే ఖరీదైన సైకిళ్లున్న నలుగురిని ఎంచుకున్నాడు. జిమ్ మాస్టారు కండలు చూసుకుని నలుగురిని తీసుకున్నాడు. మిగిలిన నలుగురూ, బడిలో ఆటకి ఎవరూ పిలవని పిల్లల్లాగా, నేల చూపులు చూస్తూ నిలబడ్డారు.

వాళ్లలో ఒకాయన బేకరీ యజమాని. భారీ మనిషి, ఆయన కింద సైకిలు బొమ్మలా ఉంది. పక్కన రిటైరైన హెడ్మిస్ట్రెస్సు. అరవై ఆరేళ్లు, గీత గీసినట్టు నిటారుగా నిలబడింది. మూడో ఆమె ఆసుపత్రి నర్సు. బ్రేకు పిడిని వేళ్లు తెల్లబడేలా పట్టుకుని ఉంది. నాలుగో ఆయన ఏదో ఆఫీసులో గుమాస్తా, అప్పుడే గడియారం చూసుకుంటున్నాడు.

 తన కోపం ఈ నలుగురి కంట పడకూడదనుకుంది పోస్టమ్మ. దగ్గరికెళ్లి, "నేను పోస్టమ్మని. రేపు పొద్దున ఎనిమిదింటికి పోస్టాఫీసు వెనక్కి సైకిళ్లతో రండి. మీతో పనుంది," అంది.

"మేం మిగిలిపోయినవాళ్లం అండీ," అన్నాడు బేకరీ ఆయన నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"నేనూ అంతే కదండీ. ఐదుగురం అయ్యాం," అంది పోస్టమ్మ.

శుక్రవారం పొద్దున పోస్టాఫీసు వెనక సిమెంటు వాలు దగ్గర ఆమె పనిముట్ల సంచీ విప్పింది. రెండు స్పానర్లు, గాలి పంపు, నూనె డబ్బా, పాత గుడ్డపేలికలు.

ముందు బేకరీ ఆయనని సైకిలెక్కించి గోడ పట్టుకోమంది. తొక్కుతుంటే ఆయన మోకాళ్లు పొట్టకి తగులుతున్నాయి. "ఎవరండీ ఈ సీటు పెట్టింది?" అని నట్టు వదులు చేసి నాలుగు వేళ్లెత్తు పైకి లేపి బిగించింది. ఆయన మళ్లీ ఎక్కి నాలుగు చుట్లు తిరిగి వచ్చాడు.

"నా కాళ్లు ఇంత పొడుగని ఇప్పుడే తెలిసింది," అన్నాడు.

హెడ్మిస్ట్రెస్సు సైకిలు శుభ్రంగా తుడిచి ఉంది. టైర్లు మాత్రం రాయిలా గట్టిగా ఉన్నాయి. పోస్టమ్మ బొటనవేలితో నొక్కి చూసి వాల్వు దగ్గర గాలి కొద్దిగా వదిలింది.

"గాలి నిండుగా ఉంటేనే మంచిదని చదివాను," అంది హెడ్మిస్ట్రెస్సు కళ్లజోడు మీంచి చూస్తూ.

"చదును రోడ్డు మీద నిజమేనండీ. తూర్పు గట్టున తొమ్మిది కిలోమీటర్లు కంకర దారి. ఇంత గట్టిగా ఉంటే మీ పళ్లు ఊడి చేతికొస్తాయి."

"నావి ఊడేవే," అంది హెడ్మిస్ట్రెస్సు. అందరూ పకపకా నవ్వారు. ఆవిడ నవ్వలేదు గాని, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

నర్సు వంతు వచ్చేసరికి ఆమె సైకిలు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. "ఎక్కడం నాకు భయం లేదండీ. దిగడమే. కనుమ కింద రెండు మలుపులున్నాయి చూడండి, అక్కడ పడ్డవాళ్లందరినీ మా దగ్గరికే తెస్తారు. పద్నాలుగు మందికి కుట్లు వేశాను. ఒకాయన చెంప..."

"వద్దులే అమ్మా, చెప్పకు," అన్నాడు గుమాస్తా.

పోస్టమ్మ ఆమెని సిమెంటు వాలు పైకి తీసుకెళ్లింది. "వాళ్లెందుకు పడ్డారో నీకు తెలుసా? మలుపులోకి వెళ్లాక బ్రేకు నొక్కారు. చక్రం జారింది. మలుపు రాకముందే నొక్కెయ్యి. మలుపులోకి వెళ్లాక వదిలెయ్యి. చూపు చక్రం మీద పెట్టకు, దారి చివర పెట్టు. చూపు ఎటుంటే సైకిలు అటు పోతుంది." ముప్పైసార్లు దింపించింది. లెక్క గుమాస్తా పెట్టాడు, ఎవరూ అడక్కుండానే.

ఆయన సైకిలుకి ఏ లోపమూ లేదు. లోపమల్లా ఆయన నోరే. "అరవై ఆరు అంటే సగం ముప్పై మూడు. ముప్పై మూడో కిలోమీటరు ఎక్కడొస్తుంది? మొదటి పదీ ఎంతసేపట్లో?"

"మీరు అడిగినప్పుడల్లా చెప్తాను. విసుక్కోను. ఒక్కటే మాట అందరికీ," అంటూ పోస్టమ్మ చేతులు తుడుచుకుంది. "ఆకలేశాక తింటే ఆలస్యమైనట్టే, దాహమేశాక తాగినా ఆలస్యమైనట్టే. నేను ఆగమన్నప్పుడు అలుపు లేకపోయినా ఆగండి. వెళ్లమన్నప్పుడు కబుర్లు మధ్యలో ఉన్నా వెళ్లండి."

శనివారం ఏడింటికి చలిగా ఉంది. పోస్టమ్మ వెనక క్యారియరు మీద పాత టపా సంచీ కట్టింది. అందులో ఉడకబెట్టిన బంగాళాదుంపలు, అరటిపళ్లు, నీళ్ల సీసాలు. ఆమె తొడుక్కున్న పైజామాకి భర్త రాత్రే లోపల మెత్తని గుడ్డ మూడు పొరలుగా కుట్టి పెట్టాడు. "కనపడదులే, కూర్చుంటే తెలుస్తుంది," అన్నాడాయన.

ఆఫీసరు ఈల ఊదాడు. రెండు జట్లూ సరస్సుని కుడి చేతికి పెట్టుకుని పడమటి గట్టున చదును దారి పట్టాయి. ఛాంపియన్ వెనక నలుగురూ బాణాల్లా దూసుకుపోయారు. పోస్టమ్మ హ్యాండిలు రెండోవైపు తిప్పింది.

"అటు కొండమ్మా!" అని అరిచాడు ఆఫీసరు. ఆవరణలో ఎవరో నవ్వారు.

"ఎటు వెళ్లినా కొండ ఉంటుంది సార్. ఎప్పుడు ఎక్కుతామన్నదే తేడా," అని ఆమె తన నలుగురినీ ముందుకి పంపి, తను వెనక బయలుదేరింది.

తూర్పు గట్టున దారి నాలుగో కిలోమీటరు నుంచే పైకి లేచింది. పైన కొండ అడ్డంగా ఉంది కాబట్టి ఎండ ఇటు పడదు. రాళ్ల మీద ఇంకా తడి ఉంది. ఎడమ చేతికి, కింద, సరస్సు బూడిద రంగులో నిద్రపోతున్నట్టుంది. పోస్టమ్మ సైకిలుకి గేర్లు లేవు. ఎర్రరంగు వెలిసిన బరువైన టపా సైకిలు అది. చైను లయగా తిరుగుతోంది. ముందున్న నాలుగు వీపుల్ని చూస్తూ తొక్కింది. ఎవరి ఊపిరి ఎలా ఉందో వీపు చూస్తేనే తెలిసిపోతుంది.

ఏడో కిలోమీటరు దగ్గర బేకరీ ఆయన వీపు ఊగడం మొదలైంది. ఇంకో నూరు గజాలకి దిగిపోయాడు. మొహం కందిపోయింది. మిగతా ముగ్గురూ వెనక్కి తిరిగి చూశారు. ఆయన తల దించుకున్నాడు.

"ఇక్కడ అందరం దిగి నడుద్దాం," అంది పోస్టమ్మ వెంటనే. "నేను రోజూ ఇక్కడ దిగేదాన్నే. ఆ మైలురాయి దాకా."

"పందొమ్మిదేళ్లూనా?" అన్నాడాయన రొప్పుతూ.

"పందొమ్మిదేళ్లూ. దిగకూడదని ఎవరన్నారు? పోస్టు అందిందా లేదా అన్నదే కదా లెక్క."

ఐదుగురూ సైకిళ్లు తోసుకుంటూ నడిచారు. గుమాస్తా తొమ్మిదిసార్లు దూరం అడిగాడు, ఆమె తొమ్మిదిసార్లూ చెప్పింది. పదోసారి హెడ్మిస్ట్రెస్సే చెప్పేసింది. కొండ మీద ఒంటరి ఇల్లొకటి వస్తే, గుమ్మంలో ముసలామె చెయ్యెత్తి పిలిచింది.

"పోస్టమ్మా! ఏడాదైంది నీ మొహం చూసి. ఉత్తరమేదన్నా తెచ్చావా?"

"ఈసారి మనుషుల్నే తెచ్చాను పిన్నీ. నీళ్లు పట్టుకోమా?"

"పట్టుకోండమ్మా, పట్టుకోండి. వ్యానువాడు హారన్ కొట్టి గోడ మీంచి విసిరేసి పోతాడు. వాడితో ఏం మాట్లాడతాను?" అంటూ ఆమె కుళాయి తిప్పింది.

తొమ్మిదీ నలభైకి కనుమ పైకి చేరేసరికి ఎండ అప్పుడే శిఖరం దాటి వాళ్ల మీద పడింది. ఒక్కసారిగా కింద సరస్సు మొత్తం వెలిగింది. నలుగురూ సైకిళ్లు దిగి అంచుకి వెళ్లి చూశారు. పోస్టమ్మ బంగాళాదుంపలు పంచింది. ఉప్పు పొట్లం చేతులు మారింది.

వాళ్లు తింటుండగా అవతలి వైపు నుంచి ఛాంపియన్ కొండెక్కి వచ్చాడు, వెనకాలే ఒక్క టూరిస్టు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"మిగతా ముగ్గురేరిరా?" అంది పోస్టమ్మ.

"వస్తున్నారత్తా, వెనకాల."

ఆమె కిందికి చూసింది. మలుపులు తిరిగి దిగే దారి సరస్సు దాకా కనిపిస్తోంది. ఖాళీగా ఉంది. ఛాంపియన్ కూడా చూశాడు. ఏదో అనబోయి, గడియారం చూసుకుని, వాలు దిగిపోయాడు.

దిగుడు మొదలైంది. మొదటి మలుపు దగ్గర నర్సు దిగి, సైకిలు నడిపించుకుంటూ వచ్చింది.  రెండో మలుపు దగ్గర ముగ్గురూ ముందే దిగి కింద ఆగారు. నర్సు పైన నిలబడిపోయింది. పక్కనే పోస్టమ్మ కూడా నిలబడింది. తొందరపెట్టలేదు, ధైర్యం చెప్పలేదు. సీసా మూత తీసి నీళ్లు తాగి, సీసా ఆమెకిచ్చింది.

"ఇక్కడ కూడా నడిస్తే ఏమన్నా అనుకుంటారా?" అంది నర్సు.

"ఏమీ అనుకోం."

నర్సు కాసేపు మలుపుకేసి చూసింది. సీసా తిరిగిచ్చేసి సైకిలెక్కింది. మలుపు రాకముందే బ్రేకు నొక్కింది, చక్రం నెమ్మదించింది, వేళ్లు వదిలింది. తల ఎత్తి దారి చివరికి చూస్తూ వొంపుగా తిరిగి, కింద ముగ్గురినీ దాటుకుని, ఆగకుండా ఇంకో ఫర్లాంగు వెళ్లిపోయింది. ఆమె అరుపు కొండకి కొట్టుకుని తిరిగొచ్చింది.

"భయపడిందా?" అన్నాడు గుమాస్తా కంగారుగా.

"కాదు," అంది హెడ్మిస్ట్రెస్సు. "అది వేరే అరుపు."

కొండ కింద జిమ్ మాస్టారు ముగ్గురితో ఎదురొచ్చి, చెయ్యూపి పైకి వెళ్లాడు. ఉత్తరపు గట్టు చెట్టూ నీడా లేని బయలు. పదకొండు దాటగానే, పోస్టమ్మ అనుకున్నట్టే, తూర్పు కనుమలోంచి గాలి లేచింది. వెనక నుంచి ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోస్తున్నట్టుంది. బేకరీ ఆయన తొక్కడం మానేసి చూశాడు, సైకిలు తనంతట తనే పోతోంది. "నేను సన్నబడ్డానేమో!" అని కేకేశాడు.

పన్నెండున్నరకి, కల్వర్టు దగ్గర, ఇద్దరు మనుషులు కనిపించారు. మెరిసే సైకిళ్లు నేల మీద పడి ఉన్నాయి. ఛాంపియన్ జట్టువాళ్లే. ఛాంపియన్ వేగానికి అలిసి పడమటి తోటల్లో పదకొండు దాకా ఆగిపోయి, తర్వాత ఎదురుగాలికి గంటన్నర పోరాడి కూలబడ్డారు. ఒకాయన పెదాలు పగిలిపోయి ఉన్నాయి, రెండో ఆయన టైరు పంక్చరైంది. మూడో ఆయన అంతకుముందే కంపెనీ వ్యానుకి ఫోను చేసి వెళ్లిపోయాడట. వీళ్లకి వ్యాను ఇంకో రెండు గంటలకి గాని రాదట.

పోస్టమ్మ సైకిలు దిగింది.

"మన టైము సంగతేంటి?" అన్నాడు గుమాస్తా. "ఇంకా ఇరవై తొమ్మిది కిలోమీటర్లుంది."

"ఈయనకి నీళ్లు ముందు," అంది ఆమె సంచీ విప్పుతూ. నర్సు అప్పటికే ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూస్తోంది. పోస్టమ్మ చక్రం తీసి, టైరు అంచు కింద స్పానరు పిడి దూర్చి, ట్యూబు బయటికి లాగింది. కల్వర్టు కింద నీళ్లలో ముంచితే బుడగలు వచ్చిన చోట ముల్లు దొరికింది. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, అతుకు వేసి పిడికిలితో నొక్కి పట్టుకుంది. హెడ్మిస్ట్రెస్సు అరటిపండు ఒలిచి పగిలిన పెదాలాయన నోటికి అందించింది.

"మేం వ్యాను కోసం ఆగుతాంలెండి. మీకు పోటీ కదా," అన్నాడాయన సిగ్గుపడుతూ.

"ఎండలో రెండు గంటలు కూర్చుంటారా? గాలి అటే పోతోంది, వెనక్కి తిరిగి మాతో వచ్చెయ్యండి."

గుమాస్తా గడియారం కేసి చూశాడు. తర్వాత పంపు తీసుకుని, "నేను కొడతాను, మీరు చక్రం బిగించండి," అన్నాడు. ఇరవై ఐదు నిమిషాలు పోయాయి. తర్వాత ఏడుగురూ బయలుదేరారు. గాలికి బేకరీ ఆయన అడ్డుగోడలా ఉన్నా ఇప్పుడు లాభం లేదు, గాలి వెనకే ఉంది. అయినా అందరూ ఆయన పక్కనే తొక్కారు. ఆయన పాడుతున్నాడు. గొంతు బాగాలేదు. ఎవరూ ఆపమనలేదు. పడమటి గట్టు మలుపు తిరిగాక తోటల నీడ, చదును దారి. నలభై ఎనిమిది, యాభై మూడు, అరవై. ఇప్పుడు గుమాస్తా అడగడం లేదు. తనే చెబుతున్నాడు.

ఆఫీసు ఆవరణలో మేనేజరమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఆఫీసరు చేతిలో అట్టకి కాగితం బిగించి పట్టుకుని గేటుకేసి చూస్తున్నాడు. ఛాంపియన్ గోడకి ఆనుకుని ఉన్నాడు. జిమ్ మాస్టారు ముగ్గురితో ఒంటిగంటన్నరకే వచ్చి, నాలుగో మనిషి కొండ రాకముందే వ్యానెక్కేశాడని చెప్పి, మొహం కడుక్కోవడానికి వెళ్లాడు.

గేటులోంచి ముందు హెడ్మిస్ట్రెస్సు వచ్చింది, నిటారుగా. తర్వాత నర్సు, తర్వాత గుమాస్తా "అరవై ఆరు!" అని అరుస్తూ. తర్వాత మెరిసే సైకిళ్లవాళ్లు ఇద్దరు. బేకరీ ఆయన వచ్చాడు. అందరి తర్వాత పోస్టమ్మ. రెండూ నలభై ఎనిమిది.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "ఛాంపియన్ పదకొండూ యాభైకే వచ్చేశాడు మేడమ్. అందరికంటే ముందు."

"కాగితంలో ఏమని ఉంది?" అంది మేనేజరమ్మ.

"ఏమని... మామూలుగానే..."

"పైన హెడ్డింగు చదవండి. మీరు తయారుచేసిందే కదా."

ఆఫీసరు చదివాడు.  "'చివరి టూరిస్టు చేరిన సమయం.'"

"ఛాంపియన్ చివరి టూరిస్టు ఎన్నింటికి చేరాడు?"

 బేకరీ ఆయన గుటకలు మింగుతూ నీళ్లు తాగుతున్న చప్పుడొక్కటే వినిపించింది. పగిలిన పెదాలాయన ముందుకొచ్చాడు. "మేం చేరలేదండీ. సగం దారిలో కూలబడ్డాం. మమ్మల్ని తెచ్చింది ఈవిడ."

"నాతో వచ్చినవాళ్లని నేను వెనక్కి తిరిగి చూడలేదు," అన్నాడు ఛాంపియన్ గోడ దగ్గర్నుంచి. నెమ్మదిగా వచ్చి ఆఫీసరు పక్కన నిలబడ్డాడు. "అత్త గెలిచింది సార్. రాయండి."

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. పోస్టమ్మ అని రాసి ఉన్న గడిలో, నలుగురి పేర్లకెదురుగా, ఒక్కొక్కటిగా నాలుగు సమయాలు రాశాడు. మిగతా ఇద్దరి గడుల్లో ఖాళీలున్నాయి. వాటిలో ఏం రాయాలో తెలియక పెన్ను గాల్లోనే ఉంచాడు.

"గీత కొట్టండి," అంది మేనేజరమ్మ. తర్వాత లేచి పోస్టమ్మ దగ్గరికొచ్చింది. "సోమవారం నుంచి రండి. ఆ బాణాల సంగతి కూడా మాట్లాడాలి."

పోస్టమ్మ ఏదో మర్యాదగా చెప్పాలనుకుంది.  ఈలోగా నర్సు ఆమెని గట్టిగా వాటేసుకుంది, బేకరీ ఆయన టోపీ గాల్లోకి విసిరాడు, గుమాస్తా మేనేజరమ్మకి ప్రతి కిలోమీటరు దగ్గరా ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. హెడ్మిస్ట్రెస్సు మాత్రం దూరంగా నిలబడి, బడిలో బహుమతి ప్రదానం నాడు కొట్టినట్టు, సమంగా, గట్టిగా, ఎవరో ఆపే దాకా చప్పట్లు కొట్టింది.

మరుసటి బుధవారం పొద్దున ఆరున్నరకి ఎవరో తలుపు తట్టారు. దర్జీ తీసి చూసి, లోపలికి తిరిగి, "నీకోసమే," అన్నాడు.

గుమ్మం ముందు రూట్ ఆఫీసరు నిలబడి ఉన్నాడు. కొత్త సైకిలు. హ్యాండిలుకి కొట్టువాడు కట్టిన అట్టముక్క ఇంకా వేలాడుతోంది. మడతలు పోని కొత్త టోపీ పెట్టుకున్నాడు.

"ఈరోజు జట్టు లేదు కదా సార్? రేపు కదా?" అంది పోస్టమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

"జట్టు కాదండీ." ఆయన వీధి అటూ ఇటూ చూశాడు. "బాణాలు మార్చి మ్యాపు మళ్లీ గీయమన్నారు. మొన్న కూర్చున్నాను. గీయలేకపోయాను. ఆ మొదటి మ్యాపు జీపులో కూర్చుని గీశాను. అద్దాలు మూసుకుని. సైకిలు మీద ఒక్కసారి కూడా... గాలి ఎటు వీస్తుందో నాకు తెలీదు."

లోపలి నుంచి అత్తగారు ఏదో అనబోయింది. పోస్టమ్మ చెయ్యి చూపించి ఆపింది. నవ్వు రాలేదు ఆమెకి. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"చూపించమంటావా బాబూ?"

"చూపిస్తారా?"

"దానికేం. ఎన్నింటికి ఆఫీసులో ఉండాలి?"

"పదింటికి మీటింగుంది."

"అయితే ఈరోజు కాదు. పదింటికి కనుమ పైన ఉంటాం. గాలి లేచేదే పదకొండు తర్వాత. సరస్సు చూస్తే మొత్తం చూడాలి, సాయంత్రం అవుతుంది."

ఆఫీసరు సైకిలుని గోడకి ఆనించాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు. "నేనే. ఈరోజు మీటింగుకి రాను... లేదు, ఒంట్లో బాగానే ఉంది. సరస్సు చుట్టూ వెళ్తున్నాను." అవతలి మనిషి ఏదో అడిగాడు. ఆయన పోస్టమ్మకేసి చూసి, కొంచెం నిటారుగా నిలబడి, "మా గైడుగారితో," అన్నాడు.

పోస్టమ్మ లోపలికెళ్లి, ఇంకో రెండు బంగాళాదుంపలు పొయ్యి మీద గిన్నెలో వేసింది.